హరికేన్లు ముదిరిపోతున్నాయా, టీవీ వాళ్ళు ముదిరిపోయారా?

టాంపా_గోదారోడు:

జూన్ వచ్చేసింది, మా ఫ్లోరిడాలో హరికేన్ సీజన్ మళ్ళీ మొదలు, ఆఫీసులో మళ్ళీ అదే పంచాయితీ. మా టీమ్‌లో ఒకాయన ఇదంతా వ్యూస్ కోసం చేసే గోల, తుఫాన్లు తాతల కాలం నుంచీ ఉన్నవే అంటాడు. ఇంకొకావిడేమో భూమి వేడెక్కిపోయి వచ్చే ప్రతీదీ రాకాసి తుఫానే, ఇల్లు ఇప్పుడే అమ్మేసుకుని నార్త్‌కి పోవడం మంచిదంటుంది. ఇద్దరూ బాగా చదువుకున్నోళ్ళే, ఇద్దరి దగ్గరా లింకులున్నాయి, నాకే బుర్ర పాడవుతోంది.

నా సంగతి చెప్తా. 2024 అక్టోబర్‌లో మిల్టన్ వస్తున్నప్పుడు రాజమండ్రి నుంచి అమ్మ ఫోన్ మీద ఫోన్. అక్కడ యూట్యూబ్ తెలుగు ఛానళ్ళలో టాంపా ఇక మ్యాప్‌లో ఉండదు అన్నట్టు ఎర్రక్షరాల థంబ్‌నెయిల్, వెనకాల ఏదో ఇంగ్లీషు సినిమాలోంచి కత్తిరించిన అల బొమ్మ. ఇక్కడి టీవీ కూడా తక్కువేం తిన్లేదు. మా మేయర్ జేన్ కాస్టర్ గారే సీఎన్ఎన్‌లో కూర్చుని, ఖాళీ చెయ్యమన్న చోట ఉండిపోతే చచ్చిపోతారని మొహమాటం లేకుండా చెప్పేశారు. ఇక చేసేదేముంది, పిల్లలు, పాస్‌పోర్టులు, ఇంటి కాగితాలు కార్లో వేసుకుని ఐ-75 హైవే ఎక్కాం, బంపర్‌కి బంపర్ ఆనించుకుని పాక్కుంటూ పోవడమే, దార్లో బంకుల్లో పెట్రోల్ లేదు. తీరా చూస్తే మిల్టన్ మాకు దక్షిణంగా సరసోటా దగ్గర సియెస్టా కీలో తీరం దాటింది, టాంపా బేలోకి ఉప్పెన రావడం అటుంచి ఉన్న నీళ్ళే వెనక్కి సముద్రంలోకి పోయాయి.

ఇక్కడే నాకు తిక్క లేచింది. దానికి రెండు వారాల ముందు హెలీన్ వచ్చింది కదా, అది మాకు వంద మైళ్ళ పైనే దూరంగా పోయి ఎక్కడో పైన పెర్రీ దగ్గర తీరం దాటింది, మనకేం కాదులే అని మా వీధిలో ఎవరూ పట్టించుకోలేదు. అదేమో పక్కనే ఉన్న సెయింట్ పీట్‌లో (సెయింట్ పీటర్స్‌బర్గ్) షోర్ ఏకర్స్, టాంపాలో డేవిస్ ఐలాండ్స్ ఇళ్ళల్లోకి నీళ్ళు తెచ్చేసింది. మిల్టన్ వచ్చేసరికి రోడ్ల పక్కన తడిసిన సోఫాలు, పరుపులు, ఊడబెరికిన గోడ ముక్కలు గుట్టలు గుట్టలుగా అలాగే ఉన్నాయి.

అంటే పెద్దగా అరిచింది రాలేదు, అరవంది ఇంట్లోకొచ్చింది. ఇప్పుడు చెప్పండి, తుఫాన్లు నిజంగా ముదురుతున్నాయా? ఈ వార్తల్లో ఎంత నమ్మాలి? ట్రంప్, బైడెన్ గొడవ మాత్రం వద్దు ప్లీజ్.

---

వాల్తేరు_వాతావరణం:

ఆంధ్రా యూనివర్సిటీలో మెటియరాలజీ చదివి ఇప్పుడు సాఫ్ట్‌వేర్‌లో పడ్డ బాపతు నేను, ఉద్యోగం మారినా ఈ పిచ్చి మాత్రం వదల్లేదు, కాబట్టి కొంచెం పెద్దగా రాస్తా, ఏమనుకోకండి.

ముదురుతున్నాయా అని ఒక్క ముక్కలో అడిగితే ఒక్క ముక్కలో జవాబు రాదండి. ఎన్ని పుడుతున్నాయి, గాలి ఎంత, ఎంత తొందరగా బలపడుతోంది, వాన ఎంత, ఉప్పెన ఎంత లోపలికి వస్తోంది, ఇవన్నీ దేని లెక్క దానిదే. మొదటిది తీసుకుంటే మీ ఆఫీసు ఆయన చెప్పేదాంట్లో పాయింట్ ఉంది. మొత్తం తుఫాన్ల సంఖ్య ప్రపంచమంతటా పెరిగిందని గట్టిగా ఎవరూ చెప్పట్లేదు, ఐపీసీసీ (వాతావరణ మార్పు మీద ఐక్యరాజ్యసమితి సైంటిస్టుల బృందం) 2021 రిపోర్టు కూడా దీర్ఘకాలపు సంఖ్య మీద తమకి నమ్మకం తక్కువనే రాసుకుంది. శాటిలైట్లు రాకముందు, అంటే 1960లకి ముందు, నడిసముద్రంలో పుట్టి అక్కడే పోయిన తుఫాను ఏ ఓడకో ఎదురుపడితేనే లెక్కలోకొచ్చేది, అలాంటి రికార్డు పట్టుకుని గ్రాఫ్ గీస్తే ఎలా?

అయితే అదే రిపోర్టు ఇంకో మాట చెప్పింది. గత నలభై ఏళ్ళలో వచ్చినవాటిలో కేటగిరీ 3 (గాలిని బట్టి 1 నుంచి 5 దాకా ఇచ్చే నంబర్), అంతకు పైబడ్డవాటి వాటా పెరిగి ఉండొచ్చు అని. సంఖ్య అదే, అందులో బలమైనవాటి పాలు ఎక్కువ.

నన్ను భయపెట్టేది మాత్రం తొందరగా బలపడటం. ఇరవై నాలుగ్గంటల్లో గాలి వేగం గంటకి 35 మైళ్ళు పెరిగితేనే దాన్ని ప్రత్యేకంగా చెప్పుకుంటారు, మీ మిల్టన్ ఒక రోజులో 90 మైళ్ళకి పైగా పెరిగి అక్టోబర్ 7న 180 మైళ్ళకి చేరింది. ఆ రోజే మయామీలో జాన్ మొరేల్స్ అనే ఆయన తుఫాను మధ్యలో ప్రెషర్ (అది ఎంత పడితే తుఫాను అంత బలం) పది గంటల్లో 50 మిల్లీబార్లు పడిపోయిందని చదువుతూ లైవ్‌లోనే గొంతు పూడుకుపోయి ఆగిపోయాడు, అది కూడా డ్రామా అన్నారు జనం. దశాబ్దాలుగా అక్కడ వాతావరణం చెప్తున్న మనిషి, ఎప్పుడూ నిదానంగా చెప్తాడని పేరు. ఆ అంకె అర్థమైనవాడికి గొంతు పూడుకుపోక ఏమవుతుంది? 2023లో మెక్సికోలో అకపుల్కోని కొట్టిన ఓటిస్ ఇంకా ఘోరం, మామూలు తుఫానుగా ఉన్నది ఒక్క రోజు తిరిగేసరికి కేటగిరీ 5. టీవీ వాళ్ళు హడావిడి చేద్దామన్నా టైమే లేదు.

తర్వాత వాన. గాలి ఒక డిగ్రీ వేడెక్కితే దాదాపు 7 శాతం ఎక్కువ తేమ పట్టుకుంటుంది, ఇది పాత ఫిజిక్స్, ఇందులో వాదన లేదు. 2017లో హార్వీ టెక్సాస్ మీద కదలకుండా కూర్చుంటే నెదర్లాండ్ అనే ఊళ్ళో 60 అంగుళాల పైన పడింది, అంటే ఒకటిన్నర మీటరు, మన కోస్తాలో ఏడాదంతా కలిపి పడేది ఒక మీటరు అటూఇటూ. అందులో వేడెక్కడం వల్ల పెరిగింది 15 శాతం దాకా అని ఒక స్టడీ, అంతకన్నా ఎక్కువని ఇంకో స్టడీ. ఇక సముద్రమట్టం 1900 నుంచి ఇరవై సెంటీమీటర్లు లేచింది, అదే ఉప్పెన ఇప్పుడొస్తే ఆ మేరకు పైనుంచే మొదలు.

టీవీలో మీరు చూసే కేటగిరీ నంబర్‌లో వీటిలో ఏదీ లేదు. సాఫిర్-సింప్సన్ స్కేల్ అనేది ఒట్టి గాలి వేగం. వాన ఉండదు, ఉప్పెన ఉండదు, తుఫాను ఎంత వెడల్పుందో ఉండదు. హెలీన్ చాలా వెడల్పైన తుఫాను, అందుకే దూరంగా పోతూ కూడా మీకు నీళ్ళు తోసింది. మిల్టన్ మీకు దక్షిణంగా దాటింది కాబట్టి దాని పైభాగం గాలులు ఒడ్డు మీంచి సముద్రం వైపు వీచాయి, బేలో నీళ్ళు బయటికి పోయాయి. ఇంకో పాతిక ముప్పై మైళ్ళు ఉత్తరంగా దాటుంటే కథ వేరే, మీ మేయర్ గారి మాటని ఇప్పుడెవరూ ఎక్కువైందని అనేవాళ్ళు కాదు.

---

ప్లేనో_ప్రసాద్:

వాల్తేరు అన్నా, అంతా బానే ఉంది గానీ మరి దీనికేం చెప్తావ్? 2005 అక్టోబర్‌లో విల్మా తర్వాత 2017 ఆగస్టులో హార్వీ దాకా, దాదాపు పన్నెండేళ్ళు అమెరికా తీరానికి ఒక్క మేజర్ హరికేన్ (కేటగిరీ 3, ఆపైది) కూడా తగల్లేదు. కత్రినా అయిపోగానే ఇక ప్రతి ఏడూ ఇంతే అని చెప్పిన పెద్దమనుషులందరూ ఆ పన్నెండేళ్ళు ఎక్కడికి పోయారు? 2025లో కూడా ఇక్కడ ఒక్క హరికేన్ తీరం దాటలేదు, ఆ వార్త ఎంతమంది టీవీలో చూశారు చెప్పండి. రాని తుఫానుకి బ్రేకింగ్ న్యూస్ ఉండదు కదా. గాల్వెస్టన్‌లో 1900లో ఎనిమిది వేల మంది దాకా పోయారు, 1935లో ఫ్లోరిడా కీస్ మీద పడ్డది 892 మిల్లీబార్లు, అప్పుడు ఏ ఎస్‌యూవీ పొగ ఉందండి?

వేల కోట్ల డాలర్ల నష్టం, రికార్డ్ అంటారు. నష్టం పెరగదా మరి? 1950లో ఫ్లోరిడా జనాభా 28 లక్షలు, 2020కి రెండు కోట్ల 15 లక్షలు, అందరికీ సముద్రం కనపడే బాల్కనీ కావాలి. ఖాళీ ఇసక మీద పడితే పైసా నష్టం లేదు, అదే ఇసక మీద మిలియన్ డాలర్ల కాండో కట్టి మీద పడితే చరిత్రలో పెద్ద తుఫానా?

ఇక రిపోర్టర్ల సంగతి సరేసరి. 2018లో ఫ్లోరెన్స్ అప్పుడు వెదర్ ఛానల్ ఆయన కాళ్ళు ఎడంగా పెట్టి, గాలికి కొట్టుకుపోతున్నట్టు వంగిపోయి మాట్లాడుతుంటే వెనకాల ఇద్దరు తాపీగా షికారుకెళ్తున్నట్టు నడుచుకుంటూ పోయారు, ఆ వీడియో ఇప్పటికీ మా వాట్సాప్ గ్రూపుల్లో తిరుగుతుంది. ఆయన తడి గడ్డి మీద ఉన్నాడని ఛానల్ వాళ్ళు సంజాయిషీ ఇచ్చుకున్నారు లెండి. మనవాళ్ళు ఇంకా పై మెట్టు, 2023లో గుజరాత్ మీదికి బిపర్‌జాయ్ తుఫాను వస్తుంటే ఒక హిందీ ఛానల్ యాంకరమ్మ స్టూడియో ఏసీలో నిలబడి గొడుగు పట్టుకుని ఊగింది.

---

కాటీ_కోడలు:

ప్రసాద్ గారూ, సముద్రానికి అంత దూరంగా ప్లేనోలో కూర్చుని మీరు నవ్వుకోవచ్చు, హ్యూస్టన్ వచ్చి మాట్లాడండి 😄

2024 జూలైలో బెరిల్ వచ్చింది కదా. కరీబియన్‌లో కేటగిరీ 5 అయినప్పుడు టీవీలో గోల గోల, అట్లాంటిక్‌లో ఇంత ముందుగా కేటగిరీ 5 అవడం రికార్డులోనే మొదటిసారి అని. తర్వాత మెక్సికో వైపు పోతుందన్నారు, మేం గాలి పీల్చుకున్నాం. చివర్లో టెక్సాస్ వైపు తిరిగి మా దగ్గరికొచ్చేసరికి కేటగిరీ 1. ఒకటే కదా అని మా ఆయన జెనరేటర్‌కి పెట్రోల్ కూడా తేలేదు, పైగా సోమవారం ఆఫీసుందని పడుకున్నాడు. పొద్దున్నే లేచేసరికి పక్కింటి ఓక్ చెట్టు మా ఫెన్స్ మీద, కరెంట్ లేదు. ఊరు మొత్తమ్మీద ఇరవై లక్షల కనెక్షన్లు పోయాయి. గాలివాన అయిపోయాక ఎండ మొదలైంది చూడండి, జూలై హ్యూస్టన్ ఎండ, ఏసీ లేకుండా, మామయ్యగారికేమో బీపీ. రోజుల తరబడి కరెంట్ రాకపోతే ఫ్రీజర్‌లో నేను ఇండియా నుంచి తెచ్చుకున్న గోంగూర, కడిగి ముక్కలు కోసి పెట్టుకున్న మునక్కాయలు, చేపలు అన్నీ నల్ల కవర్లో కట్టి బయటపడేశాను, ఆ వాసనకి కుక్కలు.

కరెంట్ కంపెనీ వాళ్ళ మ్యాప్ చూద్దామంటే అది పనిచెయ్యదు. అప్పుడు ఎవరో వాట్‌బర్గర్ యాప్ చూడమన్నారు, అందులో ఏ ఏరియా కొట్టు తెరిచుంటే ఆ ఏరియాలో కరెంట్ ఉన్నట్టు లెక్క. హ్యూస్టన్ అంతా బర్గర్ యాప్ చూసుకుని ఫోన్లు ఛార్జింగ్ పెట్టుకోడానికి కార్లేసుకుని తిరిగాం, నమ్ముతారా.

నాకు సైన్స్ తెలీదండి. కానీ తుఫాను వచ్చేదాకా చూపించిన వాళ్ళు వచ్చి వెళ్ళిపోయాక మమ్మల్ని చూపించరు, అదే నా కంప్లైంట్. ఆ ఎండకి, జెనరేటర్ పొగకి పోయినవాళ్ళు గాలికి పోయినవాళ్ళకన్నా తక్కువేం కాదు.

---

వాల్తేరు_వాతావరణం:

కాటీ_కోడలు గారు చెప్పింది చిన్న విషయం కాదు. 2017లో పోర్టోరికోలో మరియా వచ్చినప్పుడు అధికారిక లెక్క 64 మంది. ఆ 64 మీదే చాలాకాలం వార్తలు నడిచాయి. మర్నాటేడు లెక్క తిరగేస్తే 2,975. కరెంట్ లేక, మందుల్లేక, డయాలసిస్ లేక నెలల తరబడి పోయినవాళ్ళు, అప్పటికి కెమెరాలు ఇంటికెళ్ళిపోయాయి.

ప్రసాద్, నీ నష్టం లెక్క నూటికి నూరుపాళ్ళు ఒప్పుకుంటా, ఆస్తి పెరుగుదల తీసేసి చూస్తే నష్టం గ్రాఫ్ చాలావరకు చదునైపోతుందని చూపించిన పేపర్లు ఉన్నాయి. పన్నెండేళ్ళ గ్యాప్ కూడా నిజం. కాకపోతే అది తీరం తాకడంలో అదృష్టం, ఆ ఏళ్ళలో సముద్రం మీద మేజర్ హరికేన్లు పుట్టలేదని కాదు. 2025లోనూ అంతే, అమెరికాకి రాలేదు గానీ అక్టోబర్ 28న మెలిస్సా గంటకి దాదాపు 300 కిలోమీటర్ల గాలితో జమైకా మీద పడింది. నువ్వు చెప్పిన 1935 తుఫానుదీ దీనిదీ తీరం దాటేటప్పటి ప్రెషర్ ఒకటే, 892. మనం చూసే టీవీకి తగల్లేదని తుఫాను లేనట్టు కాదు కదా.

నీకు ఇంకో ఆయుధం నేనే ఇస్తా తీసుకో. 1980ల నుంచి అట్లాంటిక్‌లో పెరిగిందంతా కార్బన్ ఖాతాలో వెయ్యడానికి లేదు. అమెరికా, యూరప్ ఫ్యాక్టరీ పొగలో గంధకం తగ్గించాయి, ఆ పొగ ఎండని కొంత అడ్డుకునేది, అది పోయేసరికి సముద్రం ఇంకాస్త వేడెక్కింది. గాలి శుభ్రం చేసుకున్నందుకు తుఫాన్లు పెరగడం అన్నమాట, ఈ ముక్క ఏ ఛానల్లోనూ రాదు, ఎందుకంటే ఏ పార్టీకీ పనికిరాదు.

కానీ ఫ్లోరెన్స్ వీడియో చూసి నవ్వడం దగ్గర మాత్రం ఆగు. ఆ తుఫాను తీరం దాటేటప్పటికి కేటగిరీ 1 మాత్రమే, నీ లెక్కలో హైప్. అదే ఫ్లోరెన్స్ నార్త్ కరోలినాలో 30 అంగుళాల పైన వాన కురిపించింది, యాభై మందికి పైగా పోయారు, నదులు పొంగడం ఆ వీడియో వైరల్ అయిన తర్వాత రోజుల్లో. కెమెరా బీచ్‌లో గాలికి నిలబడింది, చావులు లోపల ఊళ్ళలో. హెలీన్‌కీ ఇదే, సముద్రానికి వందల మైళ్ళ దూరంలో నార్త్ కరోలినా కొండల్లో ఉన్న ఆష్‌విల్ కొట్టుకుపోయింది, అక్కడికి ఏ రిపోర్టరూ ముందుగా రెయిన్‌కోట్ వేసుకుని వెళ్ళలేదు.

---

హనుమకొండ_రవి:

మా దిక్కు సముద్రమే లేదు గని గిదే కథ అన్నా. మీరు చెప్పిన మెలిస్సా పడ్డ దినమే, 2025 అక్టోబర్ 28 రాత్రి, మొంథా నరసాపురం దగ్గర తీరం దాటింది. ఛానళ్ళన్నీ కాకినాడ, ఉప్పాడ బీచ్‌లనే ఉన్నయ్, అలలు చూపెట్టుడే చూపెట్టుడు. తీరం దాటింది, బలహీనపడ్డదని స్క్రోలింగ్ ఏసిన్రు, మేం టీవీ బంద్ చేసి పన్నం. తెల్లారి ఎక్కడ పడ్డది? మా వరంగల్, హనుమకొండ మీద. భీమదేవరపల్లి దిక్కు ఒక్క రోజుల నలభై సెంటీమీటర్ల వాన. కాలనీలల్ల నీళ్ళు, కోతకొచ్చిన వరి పండుకున్నది, పత్తి నల్లవడ్డది, మార్కెట్ల ఆరబోసుకున్న వడ్లు కొట్టుకపోయినయ్. బలహీనపడ్డది అంటే గాలి తగ్గిందని అర్థమట, వాన తగ్గిందని కాదట. గది ముందుగాల్నే చెప్పాలె కదా.

---

నాగాయలంక_మనవడు:

అందరూ టీవీని తిడుతున్నారు కాబట్టి నేను అటుపక్క మాట్లాడతా. మాది దివిసీమ. 1977 నవంబర్ 19 ఉప్పెనలో అధికారిక లెక్కే పది వేల పైన, మా అమ్మమ్మ వాళ్ళ ఇంట్లో ఎవరెవరు పోయారో ఇప్పటికీ పేర్లు వరసగా చెప్తుంది. అప్పుడు అరిచే టీవీ లేదు, ఊరికో రేడియో, అది కూడా అందరింట్లో లేదు. 2014లో హుద్‌హుద్ ఏకంగా వైజాగ్ సిటీ మీద పడింది, గాలి 180 కిలోమీటర్లు, అక్కడి రాడార్ కూడా దెబ్బతింది, అయినా మన రాష్ట్రంలో పోయింది పదుల్లో. ఒడిశా వాళ్ళకి 1999లో పది వేలు, 2019లో ఫణి వస్తే పది లక్షల మందిని ముందే తరలించారు, పోయింది వందలోపే. చావులు తగ్గాయి కదా తుఫాన్లు మెత్తబడ్డాయి అనేవాళ్ళు ఇది చూడాలి. తుఫాను మెత్తబళ్ళా, మనోళ్ళు ముందే లేచారు. ఆ లేవడంలో టీవీ గోలకి కొంచెం పాలు ఉంది.

ఎక్కువ గోల చేస్తే వచ్చేసారి లేవరు అనేది కూడా నిజమే అనుకోండి, మా నాన్నే దానికి ఉదాహరణ, "ఆ ఎప్పుడూ ఇదే చెప్తారు" అని అరుగు మీంచి కదలడు. షెల్టర్‌కి ఎక్కించాలంటే వీఆర్వో గారు బండేసుకుని రావాల్సిందే.

---

ప్లేనో_ప్రసాద్:

సరే సరే, గొడుగు యాంకరమ్మ మాట మాత్రం వెనక్కి తీసుకోను, మిగతావి సగం తీసుకుంటా. కానీ నా అసలు అనుమానం ఇది. ఆ కోన్ బొమ్మ ఉంటుంది చూడండి, తెల్లగా గరాటు లాగా, దాంట్లో ఊరుంటే చచ్చాం, లేకపోతే బతికాం అన్నట్టు చూపిస్తారు. అది నిజంగా అంతేనా?

---

వాల్తేరు_వాతావరణం:

అస్సలు కాదు. కోన్ అనేది తుఫాను కేంద్రం ఎటు పోవచ్చో చెప్పే బొమ్మ, పాత అంచనాల తప్పులు చూసి గీస్తారు, మూడుసార్లలో రెండుసార్లు కేంద్రం అందులోనే ఉంటుంది. అంటే మూడోసారి బయటే. పైగా గాలి, వాన, నీళ్ళు కోన్‌కి వందల మైళ్ళ అవతల కూడా ఉంటాయి. 2022లో ఇయన్ అప్పుడు ఇదే కొంప ముంచింది. మొదట్లో మధ్య గీత టాంపా వైపు ఉండేసరికి టీవీలన్నీ టాంపాలో దిగాయి, కింద ఫోర్ట్ మైయర్స్ కోన్ అంచులో ఉంది, లీ కౌంటీ వాళ్ళు ఖాళీ చెయ్యమని చెప్పేసరికే ఆలస్యమైంది, సెప్టెంబర్ 28న ఆ కౌంటీలోనే కాయో కోస్టా దీవి దగ్గర తీరం దాటి ఫోర్ట్ మైయర్స్ బీచ్‌లో పది నుంచి పదిహేను అడుగుల నీళ్ళు. మొత్తమ్మీద ఇయన్‌లో నూట యాభై మంది దాకా పోయారు. అంచనా మరీ తప్పేం కాదు, గీతని మాత్రమే చూడటం తప్పు.

---

టాంపా_గోదారోడు:

అందరికీ థాంక్స్, ఇంత వస్తుందనుకోలేదు. ఇప్పుడు లాస్ట్ క్వశ్చన్, మరి నేను చూడాల్సిందేంటి? అమ్మకి ఏం చూడమని చెప్పాలి?

---

వాల్తేరు_వాతావరణం:

నేషనల్ హరికేన్ సెంటర్ (అమెరికా ప్రభుత్వ తుఫాను కేంద్రం) వాళ్ళు మీ టైమ్ ప్రకారం పొద్దున 5, 11, సాయంత్రం 5, రాత్రి 11కి బులెటిన్ ఇస్తారు. ప్రమాదం దగ్గరపడితే మధ్యలో కూడా ఇస్తారు. టీవీలో నడిచేదంతా ఆ బులెటిన్‌ని ఆరు గంటలు నమలడమే. అమ్మగారికి ఆ టైమ్‌కి మీరే ఫోన్ చెయ్యండి, ఆవిడ యూట్యూబ్ జోలికి పోరు. కేటగిరీ పక్కన పెట్టి స్టార్మ్ సర్జ్ వార్నింగ్ (ఉప్పెన హెచ్చరిక) ఉందా, నేల మీద ఎన్ని అడుగుల నీళ్ళన్నారు, ఎన్ని అంగుళాల వాన అన్నారు, ఈ మూడే చూడండి. మీ అడ్రస్ కొట్టి ఇవాక్యుయేషన్ జోన్ (ఖాళీ చెయ్యమనేటప్పుడు పిలిచే ప్రాంతం) ఏదో ఇప్పుడే చూసి పెట్టుకోండి, అది ఎ నుంచి ఇ దాకా ఉంటుంది, బ్యాంక్ వాళ్ళు ఇల్లు కొన్నప్పుడు చెప్పిన ఫెమా (అమెరికా విపత్తుల సంస్థ) ఫ్లడ్ జోన్ వేరు, ఇది వేరు, చాలామంది రెండూ కలిపేసుకుంటారు.

---

కాటీ_కోడలు:

ఇంకోటి నేను కలుపుతా. ఇంటి ఇన్సూరెన్స్‌లో వరద నీళ్ళు కవర్ అవ్వవు, ఫ్లడ్ పాలసీ వేరేగా కొనుక్కోవాలి. ప్రభుత్వం వాళ్ళ పాలసీ కొన్నాక మామూలుగా ముప్పై రోజులకి గానీ అమల్లోకి రాదు. సెప్టెంబర్‌లో టీవీలో ఎర్రక్షరాలు చూసి అప్పుడు ఏజెంట్‌కి ఫోన్ చేస్తే ఆ తుఫానుకి పనికిరాదు, మా కొలీగ్ ఒకతను అలాగే ఇరుక్కున్నాడు. జూన్‌లోనే ఉన్నారు కాబట్టి ఈ వారమే కనుక్కోండి.

---

టాంపా_గోదారోడు:

చూశా, జోన్ బి అట. ఏజెంట్‌కి మెసేజ్ పెట్టా, కొటేషన్ వచ్చాక ఇక్కడే పెడతా, ఎక్కువ అడుగుతున్నాడో లేదో చెప్దురు గాని.